విమానమెక్కబోతున్నారా? ఈ నాలుగు మాటలు వినండి!

విమానం కిటికీలకు మూలలెందుకు ఉండవో ఎప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు, మొన్నమొన్నటి దాకా. ఎమ్మిగనూరులో ఉండే మా వదిన పుణ్యమా అని తెలుసుకున్నాను.

ఆమె కూతురు అమెరికాలో నెలలు నిండుతోంది. తొలికాన్పు. టికెట్టు కొన్నారు, వీసా వచ్చింది. సరిగ్గా అప్పుడే, 2025 జూన్ 12న, అహ్మదాబాదులో విమానం కూలింది. అందులో ఉన్న 242 మందిలో ఒక్కరే మిగిలారు. ఆ టీవీ చూసిన రోజునుంచీ వదినది ఒకటే పాట: “నేను యాడికీ పోను. గాల్లో ఏమన్నా అయితే యాడ దిగేది?”

“భయపడొద్దు వదినా” అంటే భయం పోతుందా, మీరే చెప్పండి! ప్రమాదాలే జరగవని నేననను. జరిగిన ప్రతిదాన్నుంచీ ఏదో ఒకటి నేర్చుకుంటూ వచ్చారు, అది మాత్రం నిజం. అదే ఆమెకు వంటింటి భాషలో చెప్పాను.

మన ప్రెషర్ కుక్కర్ చూడండి. విజిల్ మూసుకుపోయినా సేఫ్టీ వాల్వు కాపాడుతుంది. విమానంలోనూ ముఖ్యమైన వాటన్నిటికీ ఇట్లా తోడు ఉంటుంది. ఒక ఇంజను ఆగినా రెండోదానితో దగ్గర్లోని విమానాశ్రయానికి చేరుకోవచ్చు. ఇక కిటికీ సంగతి. 1954లో కామెట్ అనే బ్రిటిష్ జెట్ విమానాలు రెండు గాల్లోనే విచ్చిపోయాయి. అలాంటి విమానాన్నే నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. తీగను పదేపదే వంచితే తెగిపోదూ? అట్లాగే కిటికీ మూల దగ్గర రేకు చీలింది. ఆ తర్వాత కిటికీలు గుండ్రబడ్డాయి.

వదిన అసలు భయం వేరే. “ఎదురుగా ఇంకో విమానమొస్తే?” అంది. ఆ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికింది, చాలా ఖరీదుగా. 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమటగా, చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. దిగివస్తున్న కజకిస్తాన్ విమానం 15 వేల అడుగుల దగ్గర ఆగాలి, పైకెళ్తున్న సౌదీ విమానం 14 వేల దగ్గర. మొదటిది ఆగకుండా ఇంకా కిందికొచ్చేసింది. అప్పటి ఢిల్లీ రాడార్లో విమానం ఎత్తు కనిపించేది కాదు. వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి!

ఆ తర్వాత దారులు వేరు చేశారు, ఎత్తు చూపే రాడార్లు పెట్టారు, టీకాస్ అనే పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు. రెండు విమానాల్లోని టీకాస్‌లు తమలో తామే మాట్లాడుకుని ఒక పైలట్‌కు “పైకి పో”, ఇంకొకరికి “కిందికి దిగు” అని చెప్తాయి. పత్తి సీజన్లో మా ఆదోని మార్కెట్టు దారిలో లారీలు ఎదురెదురుగా నిలబడిపోతాయి చూశారూ, అక్కడ ఇట్లాంటిదొకటి పెడితే ఎంత బాగుండునో! 2002లో జర్మనీ సరిహద్దులో ఒక పైలట్ టీకాస్ మాట కాదని, కింద ఉన్న కంట్రోలర్ చెప్పినట్టు దిగాడు. 71 మంది పోయారు. ఇప్పుడు ఆ రెండు మాటలూ తేడా వస్తే టీకాస్ మాటే వినాలి.

మంటలొస్తే? సగం తలుపులతోనే, చీకట్లో, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని పరీక్షలో చూపించాకే కొత్త రకం విమానానికి అనుమతి. 2024 జనవరి 2న టోక్యోలో మంటల్లో చిక్కిన జపాన్ విమానంలోంచి 379 మందీ బతికి బయటపడ్డారు. సామాన్లు వదిలేసి రావడం అందుకు ఎంతో సాయపడింది.

ఇక్కడ వదినకూ నాకూ పెద్ద వాదన! “గురెళ్ల పొడి, కూతురి గొలుసు ఉన్న సంచి వదిలేసి ఎట్ల దిగేది?” అంటుంది. దిగాలి, అంతే. పాస్‌పోర్టూ గొలుసూ నడుముకు చిన్న తిత్తిలో కట్టుకోమన్నాను. పొడి మళ్ళీ కొట్టుకోవచ్చు కదండీ!

మీరూ వెళ్తుంటే ఇంకో రెండు మాటలు. కూర్చోగానే తలుపుదాకా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్ళు కనబడవు. బెల్టు పైటకొంగు మీద వదులుగా కాకుండా నడుము కింద బిగించండి, కూర్చున్నంతసేపూ తీయొద్దు. నైలాను చీర వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుదే కట్టుకోండి, ఎమ్మిగనూరు మగ్గాలదైతే మరీ మంచిది!