ఆవుల బీడు మీద వేలంపాట

కిందటేడు మా కాలేజీలో ప్రబంధ వర్ణనలను గురించి పాఠం చెబుతూ, ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వేసిన ఇటలీ దృశ్యం ఒకటి తెర మీద చూపించాను. బొమ్మ చూపించక ముందే దాని ధర చెప్పాను. 2010 జులై 7న లండన్‌లో సదబీస్ సంస్థ జరిపిన వేలంలో అది 2 కోట్ల 97 లక్షల పౌన్లకు అమ్ముడుపోయింది. క్లాసంతా నోరు తెరిచింది. నాకు కావలసిందీ అదే. సిద్ధం చేసుకుని వచ్చిన మాట వెంటనే చెప్పేశాను: చంద్రోదయ వర్ణన రాజుగారి చెవికి అలంకారమైనట్టే, ప్రకృతి చిత్రం కలవారి గోడకు అలంకారం.

వెనక బల్ల మీద నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ధర తెలియకపోతే ఈ బొమ్మ మాకు చూపించేవారా?" అని అడిగింది. ఇంతలో గంట కొట్టారు. జవాబు చెప్పకుండా బయటపడ్డాను. తప్పించుకున్నానని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

తర్వాత ఆ బొమ్మను తీరిగ్గా చూశాను. సుమారు మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. పేరు "ఆధునిక రోము – కాంపో వచ్చీనో". కాంపో వచ్చీనో అంటే ఆవుల బీడు. ఒకనాడు రోమన్ సామ్రాజ్యానికి నడిబొడ్డయిన ఫోరమ్ అది. చట్టాలు చేసిందీ, విజయోత్సవాలు ఊరేగిందీ అక్కడే. సామ్రాజ్యం పోయింది. స్తంభాలు సగానికి మట్టిలో కూరుకుపోయాయి. ఆ మట్టి మీద పశువులు మేశాయి, పశువుల సంత సాగింది. జనం దానికి ఆవుల బీడు అని పేరుపెట్టారు. చక్రవర్తుల గురించి చరిత్రకారులు సంపుటాలు రాశారు గాని, ఈ రెండు మాటల పేరులో ఉన్నంత తీర్పు వాటిలో ఉందని నా మటుకు నాకు అనిపించదు.

టర్నర్ లండన్‌లో ఒక మంగలి కొడుకు. 1819లో ఒకసారి, 1828–29లో మరోసారి రోము వెళ్ళాడు. ఆ తరవాత పదేళ్ళకు జ్ఞాపకం మీద ఈ బొమ్మ వేసి, 1839లో రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. కుడివైపు పొద్దు వాలుతున్నది, ఎడమవైపు అప్పుడే చంద్రుడు లేచాడు. శిథిలాలూ, చర్చీలూ, దూరాన కొలోసియమూ ఆ రెండు వెలుగుల్లో కరిగిపోతున్నాయి. మన అష్టాదశ వర్ణనల్లోని చంద్రోదయం లాంటిదేనని నేను తోసిపారేసింది దీన్నే. కాని ముందుభాగంలో మేకలున్నాయి, వాటిని కాచేవాళ్ళున్నారు. ఊరి జనం తమ పనుల్లో తామున్నారు. ఇది నేను చూడలేదు. ఎందుకు చూడలేదంటే, నా కళ్ళకు అప్పటికే ధర అడ్డం వచ్చింది.

ఈ బొమ్మకు జోడీగా "ప్రాచీన రోము" అనే మరో చిత్రాన్ని కూడా టర్నర్ ఆ సంవత్సరమే ప్రదర్శించాడు. అది ఆయన దగ్గరే ఉండిపోయింది. 1851లో ఆయన పోయినాక, ఆయన విడిచివెళ్ళిన చిత్రాలతోపాటు బ్రిటిష్ ప్రజల ఆస్తి అయింది. ఇవాళ టేట్ సేకరణలో ఉంది. దాని ధర ఎంత అని ఎవరూ అడగరు. అడిగినా అర్థం లేదు. "ఆధునిక రోము" మాత్రం అమ్ముడుపోయింది, దానికి ధర పుట్టింది. ఒకే చెయ్యి, ఒకే సంవత్సరం, ఒకే నగరం. ఒకటి కళగా మిగిలింది, రెండోది కళగా ఉంటూనే సరుకు కూడా అయింది. తేడా గుడ్డలోనూ లేదు, రంగులోనూ లేదు. యాజమాన్యంలో ఉంది.

ఆ యాజమాన్యం నడిచిన దారి చూడండి. మొదటి యజమాని స్కాట్లండులో నోవార్ ఎస్టేటు దొర హ్యూ మన్రో. ఆ ఎస్టేటు అంతకుముందు హెక్టర్ మన్రోది. 1764లో బక్సర్ యుద్ధం గెలిచి, బెంగాలు దివానీకి కంపెనీకి దారి వేసిన సేనాని ఆయనే. 1878లో ఈ బొమ్మ వేలానికి వచ్చినప్పుడు రోజ్‌బరీ ప్రభువు 4,450 గినీలకు కొన్నాడు. ఆయన భార్య రోత్‌షీల్డ్ బ్యాంకర్ల ఇంటి ఆడపడుచు. ఆయన తరవాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. 2010లో ఆ వంశం వారే మళ్ళీ వేలానికి పెట్టారు. కొన్నది లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియం, అంటే నూనెబావుల్లో పుట్టిన సంపద. బొమ్మను దేశం దాటనివ్వకుండా బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని నెలలు ఆపి, ఆ ధర ఇచ్చేవారు స్వదేశంలో దొరుకుతారేమోనని చూసింది. దొరకలేదు. 2011లో బొమ్మ సముద్రం దాటింది. కంపెనీ సేనాని ఎస్టేటు, బ్యాంకు, చమురు: ఆవుల బీడు ఇన్ని చేతులు మారింది. మేకల కాపరి మాత్రం కదల్లేదు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెరువులో చేపల హక్కు వేలం వేసేవారు. చావడి ముందు దండోరా వేసి, ఒకటోసారి, రెండోసారి అనేవారు. పాట పాడేది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే. మా చిన్నాన్న గొర్రెల్ని ఆ చెరువులోనే తాపేవాడు. గుంపులో వెనక నిలబడి పాట వినేవాడు. "మనకెందుకురా, నీళ్ళు వేలం వెయ్యరుగా" అనేవాడు. పాటదారు కాపలా పెట్టినాక గట్టు దిగటానికి కూడా అతణ్ణి అడగవలసివచ్చింది. వేలంలో చెప్పే ధరకూ, ఆ నీళ్ళతో చిన్నాన్నకున్న సంబంధానికీ పొంతన లేదు. ఇది తెలిసి పెరిగినవాణ్ణి నేను. అయినా క్లాసులో నిలబడి, పాటదారు చెప్పిన అంకెనే బొమ్మకు అర్థంగా చెప్పాను.

అభ్యుదయ విమర్శకుల్లో ఈ జబ్బు నా ఒక్కడికే ఉన్నదనుకోను. కళ సరుకు అయిందని రుజువు చెయ్యటంతో మన పని తీరిపోయిందనుకుంటాం. అది సగం పనే. అక్కడ ఆగిపోతే వేలం వేసేవాడికీ మనకూ భేదం ఏమిటి? అతను అంకె చెప్పి మురుస్తాడు, మనం అంకె చెప్పి మండిపడతాం. బొమ్మను ఇద్దరమూ చూడం.

అలాగని టర్నర్‌ను కాపరుల పక్షాన నిలబెట్టాలనీ అనను. ఆ మనుషులు చిన్నగా ఉన్నారు, వెలుగు పెద్దదిగా ఉంది. వాళ్ళు పోపు ప్రభుత్వానికి ఏం కట్టారో, ఏం తిన్నారో ఆ బొమ్మ చెప్పదు. ఈ లోటు చెప్పటం విమర్శకుడి బాధ్యత. కాని లోటు చెప్పాలన్నా ముందు చూడాలి గదా.

ఈ ఏడు ధర చెప్పకుండా చూపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి గొర్రెలు కాచే ఇంటినుంచి వచ్చిన ఒక కుర్రవాడు అన్నాడు: "సార్, పొద్దుగూకింది, చంద్రుడు కూడా వచ్చాడు. వీళ్ళింకా మంద ఇంటికి తోలలేదు."

నూట ఎనభై ఏళ్ళకు పైబడిన ఆ సాయంత్రంలో పని ఇంకా ముగియలేదని వాడు పట్టుకున్నాడు. నేను ఎం.ఏ. చదివి పట్టుకోలేకపోయాను. ధర గంట చివర్లో చెప్పాను. ఈసారి ఎవరూ నోరు తెరవలేదు. "మరి ఆ మేకలవాళ్ళకేం వచ్చింది సార్?" అని మాత్రం అడిగారు. కిందటేడు నన్ను ప్రశ్నించిన అమ్మాయి పరీక్షలై వెళ్ళిపోయింది. ఆమెకు నేను బాకీపడ్డ జవాబు ఇది: లేదమ్మా, ధర తెలియకపోతే చూపించేవాణ్ణి కాదు. తప్పు నాదే.