నారి మీద ప్రయాణం

"తిరుపతి ఎంత దూరం నాన్నా?" విమానంలో వెళ్దామని ఒప్పించాక అమ్మ మొదట అడిగింది అదే. విశాఖ నుంచి గాలిలో ఆరువందల కిలోమీటర్లన్నాను. నమ్మలేదు. "రైల్లో ఏడువందల పైచిలుకు కదా, మిగతా వంద ఏమైపోయింది?"

ఆంధ్ర తీరం మ్యాపు ముందు పెట్టుకుంటే జవాబు దొరుకుతుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా మన తీరం విల్లులా లోపలికి వంగి ఉంటుంది. రైలు ఆ విల్లు వంపు వెంటే పోతుంది: తుని, సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు, బెజవాడ. అక్కడ దక్షిణానికి తిరిగి చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు. ఇప్పుడు స్కేలు పెట్టి విశాఖ విమానాశ్రయం నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు ఒక గీత గీయండి. అదే ఆ వింటి నారి. కోనసీమ అంచును రాసుకుంటూ సముద్రం మీదికి వెళ్లి, మచిలీపట్నానికి డెబ్బై కిలోమీటర్లు తూర్పుగా సాగి, కృష్ణపట్నం దగ్గర నేలకు చేరుతుంది. దారిలో చాలా భాగం బంగాళాఖాతమే!

జెట్ విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ముప్పావుగంట చాలు. మా టికెట్టు మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలని ఉంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల ఆగేదాకా అంతా ప్రయాణ సమయమే. పైకెక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి మరో ఇరవై పోతే, ఇంత చిన్న దారిలో పూర్తి వేగంతో పోయేది కాసేపే. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా దిగాలి కనుక ఒక్కోసారి రన్‌వే అవతలి కొస దాకా చుట్టి రావలసి వస్తుంది. ఏటీఆర్ లాంటి పంకాల విమానమైతే వేగం ఐదువందలే, ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో కలుపుకోవాలి.

అమ్మ కొంగున రూపాయి బిళ్లలు ముడివేసుకుంది. రైల్లో వెళ్లిన ప్రతిసారీ రాజమండ్రి వంతెన మీద గోదావరిలో వేసేది. "గోదారి వచ్చిందా?" అని కిటికీలోంచి చూసింది. కింద నీళ్లే ఉన్నాయి, గోదావరి కాదు. "కుడివైపు దూరంగా ఉండిపోయిందమ్మా" అన్నాను. ఆ బిళ్లలు తిరుమల హుండీలో వేసింది.

తిరిగి వచ్చే రోజున నేరు విమానం లేదు. రేణిగుంట నుంచి హైదరాబాద్ శంషాబాద్, అక్కణ్ణుంచి విశాఖ. గాలిలో మొత్తం తొమ్మిది వందల ముప్పై కిలోమీటర్లు, రైలు దారి కంటే రెండువందలు ఎక్కువ! శంషాబాద్‌లో నాలుగు గంటలు కూర్చున్నాం. అమ్మ కాళ్లు వాచాయి.

చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న, తొలి విమానాలు మొదలైన రోజునే, కడప నుంచి హైదరాబాద్‌కు విమానం ఎగిరింది. చిన్న ఊరు పెద్ద ఊరితో కలిసింది. మంచిదే. మాలాగా పెద్ద ఊరు చుట్టి రాకుండా, చిన్న ఊరూ చిన్న ఊరూ నేరుగా కలవడమే ఇంకా మిగిలిన పని, రాజధానుల మధ్య మరో విమానం కంటే నాకు అదే ముఖ్యం.

పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే మాత్రం, దర్శనం తేదీ ఎంచుకునే ముందే రానూపోనూ నేరు విమానం ఏయే రోజుల్లో ఉందో చూసుకోండి.