చేతికి తగిన పని



సౌలు గమలీయేలు పాదముల యొద్ద చదివినవాడు. అంతటి విద్వాంసుడు కొంతకాలం తార్సులోనే ఉండిపోయాడు. అంతియొకయ సంఘం పెరుగుతున్నప్పుడు బర్నబా తార్సుకు వెళ్లి, అతనిని వెదకి, తోడుకొని వచ్చి, తగిన పనిలో నిలబెట్టాడు (అపొ. కా. 11:25, 26). వరము దేవుడిచ్చాడు, దారి చూపడానికి ఒక సహోదరుడు కావలసి వచ్చాడు.

మా చోడవరం ప్రాంతంలో నర్సింగు చదివిన ఒక సహోదరి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. తండ్రి చెరకు పొలం కుదువపెట్టి చదివించాడు. సెలవుకు వచ్చినప్పుడు, "అయ్యగారూ, సూది వేయడం మరచిపోతానేమోనండీ" అంది. బెల్లం పాకం పట్టడం తెలిసిన చేతిని పిప్పి ఎత్తడానికి పెట్టినట్టుంది కదా!

పరదేశంలో చదువు ఉంటే చాలదు. అది నిజమని ఆ దేశం ఒప్పుకోవాలి. గల్ఫ్‌లో నర్సు కావాలంటే సర్టిఫికెట్లను చదివిన కళాశాలతోనే సరిచూస్తారు. తరువాత పరీక్ష, లైసెన్సు. బ్రిటన్‌లోనైతే ఇంగ్లీషు పరీక్ష కూడా ఉంది. దీనికి నెలలు పడుతుంది. అప్పులవాళ్ల ఒత్తిడికి ఆగలేక కొందరు ఏజెంటు చూపిన ఇంటిపని వీసాకే తల ఊపుతారు. అలా వెళ్లాక ఆసుపత్రి ఉద్యోగానికి మారడం చాలా కష్టం.

సంఘము ఏమి చేయగలదు?

మొదట, కాగితాలు సరిచూడండి. ఇంట్లో బాప్తిస్మపు పేరు, బడిలో మరో పేరు ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులోను పాస్‌పోర్టులోను ఒకే పేరు లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది.

రెండవది, డబ్బు కట్టకముందే పెద్దలు ఒప్పందం చదివించి వినండి. ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదైనవాడేనా? అతడు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ అడగరాదు. 2015 నుండి గల్ఫ్‌తో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

మూడవది, కాగితాలు తేలేవరకు ఇక్కడి ఆసుపత్రిలోనే పనిచేయమనండి. జీతం తక్కువైనా చేతి నేర్పు నిలుస్తుంది, అనుభవ పత్రం చేతికొస్తుంది.

ఇప్పటికే అక్కడ స్థిరపడిన బిడ్డలారా, మీకొక మాట. రోమా నుండి వెళ్లగొట్టబడిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో తామే పరదేశులు. అయినా తమ వృత్తివాడైన పౌలును ఇంట చేర్చుకొని పని పంచుకున్నారు. మీ తరువాత వచ్చినవారికి ఏ పరీక్ష రాయాలో, ఏ ఆసుపత్రిలో ఖాళీ ఉందో ఒక్క ఫోను చేసి చెప్పండి. అదీ పరిచర్యే. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.