చుక్క ఎక్కడిది?

పాత కారున్న ఇంట్లో పొద్దున్నే ఓ తంతు జరుగుతుంది. కారు బయటికి తీయగానే యజమాని చూపు రోడ్డు మీదికి పోదు. రాత్రంతా కారు నిలబడ్డ నేల మీదికి పోతుంది. అక్కడ రూపాయి బిళ్లంత నల్లమరక! నిన్న లేదు... ఇవాళ వచ్చింది. ఇక ఆరోజంతా మనసు మనసులో ఉండదు.

విజయవాడలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారికీ అలాంటి బెంగే పట్టుకుంది. ఆయనది 2004 నాటి మారుతి 800. 1983 డిసెంబరులో తొలి బండి రోడ్డెక్కింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో అడుగుపెట్టిన మొదటి కారు అదే. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. మాస్టారి భార్యకు మోకాళ్ల నొప్పులు. ఆటో ఎక్కి దిగడం కష్టం, బస్సు మాట సరేసరి. ఆసుపత్రికి వెళ్లాలన్నా గుడికి వెళ్లాలన్నా ఆ కారే దిక్కు.

మెకానిక్ వచ్చి బండి కింద పడుకుని చూశాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట వేలు పెట్టి తడి చూపించాడు. ‘క్రాంక్ సీలు పోయింది సార్. గేర్‌బాక్స్ దించాలి. దించాక ఎటూ ఇంజిన్ పని కూడా చేయించుకోవడమే మంచిది’ అన్నాడు. అతను చెప్పిన ఖర్చూ, ఆ కారు అమ్మితే వచ్చే సొమ్మూ దాదాపు ఒకటే! ‘తుక్కుకిచ్చేయ్ నాన్నా’ అన్నాడు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్లో.

లెక్క చేయకుండా జవాబు రాయడం మాస్టారికి అలవాటు లేదు. ఆటోనగర్‌లో మేస్త్రీగా పనిచేస్తున్న పాత విద్యార్థికి కబురు పెట్టారు.

పైనుంచి కిందికి...

అతను వచ్చీరాగానే అన్న మాట ఒకటే. ‘ముక్కు కారితే గడ్డం తడుస్తుంది. గడ్డానికి మందు రాస్తామా మాస్టారూ!’

అసలు సంగతంతా అందులోనే ఉంది. ఆయిల్ కారేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట. పైన ఏ మూలనో ఊరిన చెమ్మ ఇంజిన్ ఒంటి మీదుగా జారుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. చివరికి అన్నిటికన్నా కిందున్న బోల్టు దగ్గర చుక్కై రాలుతుంది. ఆ చుక్కను చూసి తీర్పు చెబితే మంచి సీలు మారుతుంది, చెడ్డ ప్యాకింగ్ అలాగే ఉంటుంది. మరక మాత్రం మళ్లీ వస్తుంది.

అందుకే ముందు చేయాల్సింది కారేది ఏమిటో తేల్చుకోవడం. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే చాలు. గోధుమరంగులోనో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్లలా ఉంటే కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీవి కావచ్చు, కంగారక్కర్లేదు. చక్రాల దగ్గర తడి ఉంటే మాత్రం బ్రేక్ ఆయిల్ కావచ్చు. అది తేలేదాకా బండి తీయకూడదు.

రెండోది, కడగడం. ఏళ్లనాటి మడ్డి మీద కొత్త చెమ్మను ఎవరూ పట్టుకోలేరు. ఇంజిన్ చల్లారాక ఎలక్ట్రికల్ భాగాలకు పాలిథిన్ చుట్టి, డీగ్రీజర్ రాసి బ్రష్‌తో రుద్దాలి. ఇంట్లో ఈ పనికి పెట్రోలు వాడితే ప్రమాదం. బాగా ఆరాక అతుకుల దగ్గర టాల్కం పౌడర్ చల్లాలి. తిరిగే బెల్టులకు, పుల్లీలకు మాత్రం తగలనివ్వకూడదు. తర్వాత ఓ పది కిలోమీటర్లు తిప్పి, ఇంజిన్ ఆపి, టార్చిలైటుతో పైనుంచి కిందికి చూడాలి. తెల్లటి పొడి మీద అన్నిటికన్నా పైన తడిసిన చోటే అసలు దొంగ!

మాస్టారి కారులో ఆ దొంగ టాపెట్ కవర్ ప్యాకింగ్. గేర్‌బాక్స్ వైపు మూలలో ఊరి, నేరుగా క్రాంక్ సీలు ఉండే చోటికే జారుతోంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా అయింది. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వెళ్లే బ్రీదర్ పైపు కూడా మడ్డితో సగం పూడింది. ఆ దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్యాకింగ్‌లోంచి ఆయిల్‌ను తోస్తుంది. పైపు శుభ్రం చేయకుండా ప్యాకింగ్ ఒక్కటే మారిస్తే పని సగమే అయినట్టు.

ప్యాకింగ్ మార్చడం గంట పని. కానీ బోల్టులు బలంకొద్దీ బిగిస్తే రబ్బరు నలిగి, కవర్ వంగి కొత్త లీకు మొదలవుతుంది. సిలికాన్ పేస్టు పులిమేయడమూ తప్పే. లోపలికి ఊడిపడ్డ ముక్కలు ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడతాయి. లీకు ఆపబోయి ఇంజిన్‌కే ఎసరు పెట్టినట్టవుతుంది!

పెద్ద పని అనుకునేముందు చూసుకోవాల్సిన చిన్న చోట్లు ఇంకా ఉన్నాయి. ఆయిల్ ఫిల్టర్ రబ్బరు రింగు, డ్రైన్ బోల్టు వాషర్, ఆయిల్ ప్రెజర్ స్విచ్, కింద చాంబర్ ప్యాకింగ్... ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండగా దానిమీదే కొత్తది బిగించి, లీకంటూ తలపట్టుకునేవాళ్లూ ఉన్నారు.

నిజంగానే క్రాంక్ సీలు పోతే? చెమ్మగా ఉండి వారానికో చుక్క రాలుతుంటే ఆయిల్ చూసుకుంటూ నడుపుకోవచ్చు. క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు, అప్పుడే సీలూ వేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది. ఆయిల్ క్లచ్‌కు తగిలి జారుతున్నా, చుక్కలు ధారగా మారినా ఆగకూడదు. బానెట్‌లోంచి మాడు వాసన వస్తే మరీ జాగ్రత్త. వేడి సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడితే మంట అంటుకోవచ్చు.

మేస్త్రీ చివరగా గేజు పుల్ల తీసి చూపించాడు. ఆయిల్ కింది గీతకన్నా దిగువన ఉంది! మరక కనిపించిన రోజు నుంచీ మాస్టారు నేలనే చూస్తున్నారు కానీ, గేజు ఒక్కసారీ చూడలేదు. ఆ చిన్న ఇంజిన్‌లో పట్టేదే సుమారు మూడు లీటర్లు. అందులో తగ్గుతూపోతే ఓ రోజు నడిరోడ్డు మీద ఇంజిన్ పట్టేస్తుంది. డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ముందే చెబుతుందనుకుంటే పొరపాటు. అది చెప్పేది ఆయిల్ మట్టం గురించి కాదు, ఒత్తిడి గురించి. వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, వెంటనే బండి ఆపేయాలి.

ఇప్పుడు మాస్టారి ఇంట్లో ఆదివారం పని ఒకటి పెరిగింది. చదునైన నేల మీద, ఇంజిన్ ఆపిన కాసేపటికి గేజు తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడటం. క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఆయిల్ లెక్కా రాస్తున్నారు. ‘పాత బండికి చుక్క కారడం జబ్బు కాదండీ. ఆ చుక్కను లెక్కలో వేసుకోకపోవడమే జబ్బు’ అంటారాయన.