గాలివాటున కూత

కోడూరు దాటాక ఎటు చూసినా రొయ్యల చెరువులే. పాలకాయతిప్పలో కరకట్ట దిగితే ఇసుక మొదలవుతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి వచ్చేవాళ్ల కార్లు ఆగకుండా పోతున్నాయి. నేను మాత్రం ఒడ్డున గూటాలు పాతి, వల తాడు లాగి గీసుకున్న కబడ్డీ కోర్టు దగ్గర దిగాను.

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన ఇక్కడ ఇద్దరికి అంపైరింగు నేర్పుతున్నారు. ఒకరు కాలేజీ జట్టుకి ఆడిన అమ్మాయి, రెండోవాడు వేటకెళ్లే కుర్రాడు. రాత పరీక్షకి వాళ్లకేం భయం లేదు. మగవాళ్ల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10, రైడుకి 30 సెకన్లు, ఎదుటి జట్టంతా అవుటైతే వచ్చే లోనాకి 2 పాయింట్లు, అన్నీ నోటికొచ్చు. చిక్కంతా ప్రాక్టికల్‌లోనే.

అమ్మాయి సముద్రం వైపు గీత పక్కన, కుర్రాడు ఊరి వైపు నిలబడ్డారు. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి కొడుతోంది. మొదటి రైడరు కూత పెట్టుకుంటూ వెళ్లాడు. ఆ కూత కుర్రాడికి గాలివాటున చక్కగా వినబడింది. అమ్మాయికి అలల హోరే. ఇక చేసేదేముంది, రైడరు పెదాలు చూడటం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే అతను బోనస్ గీత దాటి కాలు పెట్టి వచ్చేశాడు.

"బోనస్ ఉందా అమ్మాయ్?" అన్నారు మాస్టారు.

ఆమె దగ్గర జవాబు లేదు.

బోనస్ అంత తేలిక వ్యవహారం కాదు. ఎదుట కనీసం ఆరుగురుండాలి. ముందు కాలు గీత అవతల ఆనినప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి. ఇసుకలో పాదం కూరుకుపోతుంటే ఆ రెండో కాలు లేచిందో లేదో పట్టుకోవడం మరీ కష్టం. కూత ఆలస్యంగా అందుకున్నా, మధ్యలో తెగినా ప్రత్యర్థికి ఒక పాయింటు వెళ్తుంది. రెండూ ఒక్క క్షణంలోనే జరుగుతాయి. పెదాల మీద కన్నుంటే కాళ్లు కనబడవు.

"కూత వాడికి వదిలెయ్," అన్నారు మాస్టారు కుర్రాడి వైపు చెయ్యి చూపిస్తూ. "నువ్వు కాళ్లు చూడు."

ఆ మాట ఆమెకి రుచించలేదు. తను వినని కూతకి తనెలా పూచీ పడుతుంది? మంచి ఆటగాళ్లందరికీ ఈ జబ్బుంటుందట, కోర్టంతా తామే చూడాలనుకుంటారట. నాకైతే ఆ రోజు నేర్పిన వాటిలో ఇదే అన్నిటికంటే కష్టమైన పాఠం అనిపించింది. ఇద్దరు అంపైర్లు, పైన ఒక రిఫరీ ఉండేది ఒకరు వదిలింది మరొకరు పట్టుకోడానికే.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆడవాళ్లు ఫైనల్లో దక్షిణాఫ్రికాని 17–10తో ఓడించి లాన్ బౌల్స్ స్వర్ణం తెచ్చారు గుర్తుందా? ఆ ఆటలో బంతులు ఎక్కడివక్కడే ఉంటాయి. అంపైరు తీరిగ్గా వంగి టేపు పెట్టి కొలుచుకోవచ్చు. కబడ్డీలో కాలు ఎవరి కోసమూ ఆగదు. పెద్ద పోటీల్లో వీడియో సాయం ఉన్నా, సంక్రాంతి పందేల్లో కళ్లే దిక్కు.

వీడియో ఉన్నంత మాత్రాన గొడవ తీరుతుందా అంటే, అదీ లేదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ 28–28 దగ్గరుండగా మన రైడరు పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండానే కోర్టు అంచున ఉండే లాబీలోకి వెళ్లాడు. ఇరాన్ డిఫెండర్లు వెంటపడ్డారు. పాత నిబంధన ప్రకారం వెంట వెళ్లినవాళ్లూ అవుటే. కొత్తదాని ప్రకారం రైడరు లాబీలో అడుగేసిన క్షణానే రైడు ముగిసినట్టు. తీర్పు అటూ ఇటూ మారుతూ దాదాపు గంట ఆట ఆగిపోయింది. చివరికి భారత్ 33–29తో గెలిచింది.

ఆ కథ ఇక్కడి పిల్లలకీ కంఠోపాఠమే. ఆట విరామంలో కుర్రాడు అడిగాడు: "అక్కడ మీరుంటే ఏమిచ్చేవారు మాస్టారూ?"

"ఆట మొదలవకముందే ఏ పుస్తకం ప్రకారం ఆడుతున్నారో అడిగేవాణ్ణి," అన్నారాయన. తర్వాత ఇద్దర్నీ స్థానాలు మార్చుకోమన్నారు. అమ్మాయి ఊరి వైపుకి వచ్చింది. ఈసారి కాళ్లు వదిలేసి కూత వినడం ఆమె వంతు.