ఆగడం కూడా ఒక విద్యే
(బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం)

ఏ బండి ఎంత లాగుతుంది, ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుంది అన్న చర్చ లేకుండా మన క్యాంటీన్‌లో ఒక్క చాయ్ కూడా పూర్తికాదు. ఆ బండి ఎలా ఆగుతుందని అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మిత్రులారా, ఈ నాలుగు మాటలూ ఆగడం గురించే.

మాది నల్గొండ జిల్లాలో బత్తాయి తోట, కాస్త వరిపొలం ఉన్న రైతు కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకొని చదువుకుంటున్నాను. ఆదివారాలు ఎల్బీనగర్‌లో ఒక కార్ల షెడ్డులో పనిచేస్తాను. గది కిరాయి వెళ్తుంది, ఫిజిక్స్ కూడా కొంత ఒంటబడుతుంది.

ఈమధ్య ఒకాయన షెడ్డుకు కారు తెచ్చాడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఒక రేసు ట్రాక్ ఉంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. పందెంతో పని లేకుండా, డబ్బు కట్టి సొంత కారును వేగంగా తోలుకొనే రోజును ట్రాక్ డే అంటారు. దానికి పోతున్నాడట. "ఇంజన్ ఆయిల్ మార్చండి, టైర్లు చూడండి, చాలు. బ్రేకులు మంచిగనే పడుతున్నయి" అన్నాడు.

మా ఉస్తాద్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. పల్చటి తేనెరంగులో ఉండాల్సింది డికాక్షన్‌లా ఉంది. "దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ కాడ పడ్డ బ్రేకు అక్కడ గూడ పడ్తదని ఎవరు చెప్పిండ్రు బాబూ?" అన్నాడు.

ఆ మాటకు లెక్క నేను వేశాను. వెయ్యి కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే 50 వేల జౌల్స్ శక్తి వేడిగా మారాలి. 108 నుంచి ఆగాలంటే నాలుగున్నర లక్షలు. వేగం మూడింతలైతే వేడి తొమ్మిదింతలు! లీటరుకు పైగా నీళ్లను మరిగించేంత వేడి, ఒక్కసారి బ్రేకు తొక్కినందుకు. ట్రాక్ మీద మలుపు మలుపుకూ ఇదే పని.

బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. మామూలుగా వాడేది గ్లైకాల్ జాతి ద్రవం, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూతి విప్పిన యూరియా బస్తా వానాకాలంలో గడ్డకట్టడం చూసిన రైతుబిడ్డకు ఇది వింత కాదు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు కనుకే మన కాలి ఒత్తిడి పాస్కల్ చెప్పినట్టు చక్రానికి చేరుతుంది. ఆవిరి మాత్రం నలిగిపోతుంది. పెడల్ నేలకంటుతుంది, కారు ఆగదు. గాలి పట్టిన బావిమోటారు తిరుగుతూనే ఉంటుంది గాని నీళ్లు పోయదు చూడండి, అట్లాగే.

పని మొదలుపెట్టాం. డబ్బాలోని పాతది సిరంజితో లాగేసి కొత్తది పోశాం. మన కార్లలో మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరం ఎడమ వెనుక చక్రం. ముందు అది, తర్వాత కుడి వెనుకది, ఆపైన ఎడమ ముందుది, చివరికి కుడి ముందుది. కంపెనీ పుస్తకంలో వేరే వరుస ఉంటే దాన్నే పాటించాలి. నేను సీట్లో కూర్చున్నాను. ఉస్తాద్ చక్రం దగ్గర నిపిల్‌కు ప్లాస్టిక్ పైపు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టాడు. "తొక్కు... పట్టు" అనగానే నేను తొక్కిపట్టాలి. ఆయన నిపిల్ వదులు చేస్తే పెడల్ కిందికి జారుతుంది. మళ్లీ బిగించి "ఇడువు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే పైపులోకి గాలి పోతుంది. డబ్బా ఖాళీ కాకుండా పోస్తూనే ఉండాలి. పైపులో బుడగల్లేకుండా తేటగా వచ్చేదాకా ఇంతే.

కారాయన విసుక్కున్నాడు. "ఇంతసేపా? పైన కొంచెం కొత్తది పోస్తే అయిపోకపాయెనా? లోపల ఎవరికి కనబడ్తది?"

"కనబడదు గనుకనే మారుస్తున్నం" అన్నాడు ఉస్తాద్.

కారు వెళ్లింది గాని నా మనసు మా ఊరి డీసీఎం మీదికి పోయింది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్న కాలంలో మా బాపు దాంట్లోనే రాత్రంతా ప్రయాణం చేసి బత్తాయిలు తెచ్చేవాడు. మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది, బండి మారలేదు. రేసు ట్రాక్ మీద కారు అదుపు తప్పినా పక్కన ఖాళీ జాగా, టైర్ల గోడ, అంబులెన్సు ఉంటాయి. నిండు లోడుతో వచ్చే ఆ బండి ముందుండేది మనుషులే గదా!

దసరాకు ఊరెళ్లి ఆ బండి డబ్బా మూత తీస్తే కాటుకలా ఉంది. "ఎప్పుడు మార్చినవ్ కాకా?" అని డ్రైవరును అడిగాను. "మారుస్తరా దాన్ని? తగ్గితే పోస్తం" అన్నాడు. బాపును సీట్లో కూర్చోబెట్టి, నేను చక్రం దగ్గర కూర్చున్నాను. "చదువుకొమ్మని పంపితే చక్రాలు ఇప్పుతున్నవారా" అని ఎప్పుడూ సణిగే బాపు, పని అయ్యాక సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లు దీన్ని నమ్ముకొనేనా పట్నం వచ్చింది?" అన్నాడు.

మిత్రులారా, డిస్కు బ్రేకున్న మీ బండ్లలోనూ ఇదే ద్రవం ఉంది. హ్యాండిల్ దగ్గరి డబ్బాకు చాలా బండ్లలో చిన్న గాజు కన్ను ఉంటుంది. రేపు పొద్దున ఒకసారి అందులోకి చూడండి. నల్లబడితే సరే, నల్లబడకపోయినా రెండేళ్లకొకసారి మార్పించండి, తేమకు రంగుండదు. వేగం మన సరదా కావచ్చు గాని, ఆగడం ఎదుటివాడి ప్రాణం.