తడినేల దాచిన ధనము

పత్తిచేలును, మిరపకల్లములును దప్ప మీ గుంటూరిసీమలో చూడదగిన దేమున్నదని మా పెద్దవదినగారు నన్ను పరిహసించుచుందురు. ఈ యేడు గుంటూరిలో రెండు రైళ్లెక్కి రెండు అడవులు చూచి వచ్చితిని. సోదరీమణులారా, వారికి చెప్పిన సంగతియే మీకును విన్నవించుచున్నాను.

వైశాఖమున పడమటికి బోయితిమి. నరసరావుపేట, వినుకొండ దాటువరకును నల్లరేగడి చేయి దూరునంతగా నెఱ్ఱెలు విచ్చియుండెను. కంభము గడచి గిద్దలూరు చేరితిమి. దాని కవ్వల నల్లమల. చెట్లు ఆకు రాల్చి మోడులై నిలిచియుండెను. ఆ సాయంకాలము చిన్న జల్లు కురిసి, కమ్మని మట్టివాసన లేచినది. మావారు ఉపాధ్యాయులు, ప్రశ్న యడిగినచో పాఠము తప్పదు.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, అందలి బొగ్గును ఆకుగా, కొమ్మగా, వేరుగా మార్చుకొనును. రాలిన యాకుతో అది నేలకు జేరును. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని తిని మరల వాయువుగా విడుచును. నేల మిక్కిలి యెండినపుడు అవి నిద్రించును. జల్లు పడగానే మేల్కొని ఒక్కసారిగా ఆకలి తీర్చుకొనును. అందుచే తొలివానకు నేలనుండి ఆ వాయువు విస్తారముగ వెడలును. తూర్పు ఆఫ్రికాలో పరిశోధించిన బిర్చి యను శాస్త్రజ్ఞుడు 1958లో దీనిని వివరించెను. ఆ వానయే చెట్టును పెంచును గనుక, అడవికి ఆయవ్యయములు రెండును తడిచేతిలోనివే.

మార్గశిరమున తూర్పునకు బోయితిమి. తెనాలిమీదుగా రేపల్లెకు రైలు. అటనుండి బస్సుపై నిజాంపట్నము. పడవలో మడ అడవి చూచితిమి. బురదలోనుండి వేళ్లు పైకి పొడుచుకొని వచ్చి ఊపిరి పీల్చుచున్నవి. బురదలో గాలి లేదు. అందుచే వేరు పైకి రావలసినదే. గాలి లేనిచోట సూక్ష్మజీవుల పని మందగించును. రాలిన యాకు, చచ్చిన వేరు కుళ్లక పేరుకొనును. ఆవకాయజాడిలో నూనె పైకి తేలియున్నంతకాలము ఊరగాయకు చెడుపు లేదు. నూనె యింకినచో బూజు పట్టును. నీరు ఆ నూనెవంటిది. ఇట్లు కుళ్లని ఆకులలములతో ఏర్పడిన పీటు నేలలు లోకమున భూభాగములో నూటికి మూడుపాళ్లే యైనను, నేలలన్నిటిలోని బొగ్గులో ఇంచుమించు మూడవవంతు వానియందే యున్నదట. వానిని ఎండగట్టినచో, అనేక శతాబ్దముల నిలువ కొలదికాలమునకే గాలిలో గలిసి భూమిని వేడెక్కించును.

ఈ మాట నాకు సూటిగా తగిలినది. మా అత్తవారి యూర చేని చివర తుంగమడుగొకటి గలదు. దానిని ఎండగట్టి మిరప వేయవలెనని మామగారి తలంపు. మంచినీటి మడుగులు మీథేను అను మఱియొక వాయువును కొంత విడుచుననుట నిజమే. అది భూమిని మఱింత వేడెక్కించును గూడ. కాని అడుగున చిరకాలము దాగిన నిలువను గాలికి వదలుటకు అది కారణము గాజాలదు. మామగారితో వాదించుట నాకు జెల్లదు గనుక, ఇల్లు చేరగానే అత్తగారికి జాడి సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపూరకుండి, "మడుగు నూనె యన్నమాట! రాత్రి భోజనమువేళ నేను చెప్పెదను" అనిరి.

మామగారింకను ఔననలేదు, కాదనలేదు. మడుగులో నీరు మాత్ర మున్నది.